బార్బడోస్‌లో ఎక్కడ దిగాలి: ముందు సముద్రం, తర్వాతే గది

మొదటిసారి బార్బడోస్ వెళ్లినప్పుడు ఫొటో చూసి గది తీసుకున్నాం. గట్టు అంచున తెల్లటి ఇల్లు, కింద లేత గులాబీ ఛాయ ఇసుక, దాని ముందు నీలమో పచ్చో తేల్చుకోలేని నీళ్లు. ఆగ్నేయ తీరం అని రాసి ఉంది. అరచేతంత దీవి, ఏ తీరమైతే ఏమిటిలే అనుకున్నాం. దిగిన రోజే అర్థమైంది, ఆ నీళ్లు చూసుకోవడానికేనని. నడుం ఎత్తు అలలు ఒకదాని మీద ఒకటి విరిగి పడుతున్నాయి. పిల్లలిద్దరూ బకెట్లు పట్టుకుని ఒడ్డునే నిలబడిపోయారు. మూడో రోజుకు గోధుమరంగు నాచు కొట్టుకొచ్చి మోకాలి ఎత్తున గట్టు కట్టింది. ఎండకు అది మురుగుతుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మరో రెండు రోజులకు అమ్మ కాలి మెట్టెలు నల్లబడ్డాయి. ఆ నాచు కుళ్లేటప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని అలాగే చేస్తుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమ్మ మాత్రం చదవకుండానే తేల్చేసింది: "ఈ గాలి వెండికే పడటం లేదు, మనకేం పడుతుంది?"

ఆ ఇంటివాళ్ల తప్పేమీ లేదు. ఫొటోలో ఉన్నదే ఇచ్చారు. మేము వెతికిన వరుసే తప్పు. గది నచ్చిందని తీరాన్ని ఒప్పుకున్నాం. రెండోసారి ముందు తీరం తేల్చుకుని, ఆ తర్వాత గది వెతికాం. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

## దీవి ఒక్కటే, సముద్రాలు రెండు

బార్బడోస్ విస్తీర్ణం 431 చదరపు కిలోమీటర్లు. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు మహా అయితే 23. హైదరాబాదులో పాత జీహెచ్ఎంసీ పరిధి కన్నా చిన్నది. అక్షాంశం 13 డిగ్రీలు, అంటే చెన్నైకి సమానం. కాబట్టి ఎండ మనకు తెలిసిన ఎండే. కొత్తగా ఉండేది గాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు అది తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి వీస్తుంది. బడిలో బట్టీ పట్టిన వ్యాపార పవనాలు ఇవే.

తూర్పున అట్లాంటిక్. ఆఫ్రికా నుంచి ఆపేవారు లేక పెరిగి వచ్చిన అలలు ఆ ఒడ్డును బాదుతాయి. పడమర కరీబియన్. అక్కడ దీవే గాలికి అడ్డుగోడ కాబట్టి చాలా రోజులు నీళ్లు చెరువులా ఉంటాయి. దక్షిణ తీరం ఈ రెండింటికీ మధ్యరకం: గాలి ఉంటుంది, అల ఉంటుంది, కాని చాలాచోట్ల పగడపు దిబ్బలు ఆ జోరును విరిచేస్తాయి. ఏ గదికి ఎన్ని నక్షత్రాలున్నా ఈ మూడు మాటలను మార్చలేదు.

## ఏమేమి చూసుకోవాలి

అన్నింటికన్నా ముందు, మీ ఇంట్లో నీళ్లలో దిగేది ఎవరు? ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లా, నాలుగేళ్ల పిల్లాడా, మోకాలి లోతులో నిలబడితే చాలనుకునే అమ్మానాన్నలా? చిన్నప్పటి నుంచి ఈత నేర్చుకున్నవాళ్లు మన ఇళ్లలో తక్కువ. సూర్యలంకలోనో రుషికొండలోనో అలకు ఎదురు నిలబడి కేరింతలు కొట్టడం వేరు, ఈదడం వేరు. కాబట్టి మనకు ఇది మొదటి ప్రశ్న కావాలి. మిగతావి దీని తర్వాతే.

రెండోది, కారు లేకుండా రోజు గడుస్తుందా అన్నది. ఇక్కడి టాక్సీలకు మీటర్లు లేవు, దూరాన్ని బట్టి ధర. రోజుకు రెండుసార్లు టాక్సీ ఎక్కితే గదిలో ఆదా చేసింది దానికే పోతుంది. బస్సు మాత్రం చవక. ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఒక బస్సుకు మూడున్నర బార్బడోస్ డాలర్లు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానం, ఆ లెక్క 1975 నుంచి మారలేదు.

మూడోది వంటగది. శాకాహారులకు, చిన్నపిల్లలున్నవాళ్లకు ఇది సౌకర్యం కాదు, అవసరం. నాలుగోది నాచు. సర్గాసం అనే ఆ నాచు ప్రతి ఏడూ ఒకేలా రాదు. వచ్చిన ఏడాది మాత్రం ముఖ్యంగా మార్చి నుంచి ఆగస్టు దాకా తూర్పు, ఆగ్నేయ తీరాలను ముంచుతుంది, దక్షిణాన్ని అప్పుడప్పుడు పలకరిస్తుంది, పడమటి తీరం జోలికి పెద్దగా పోదు.

డబ్బు సంగతి చివర ఎందుకు పెట్టానంటే, ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే. ఎంత పెద్ద హోటలు ముందు ఇసుకైనా మీరు తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు. వాళ్ల కుర్చీలు, గొడుగులు మాత్రం వాళ్లవి. అంటే ఖరీదైన తీరాన్ని చూడటానికి ఖరీదైన గదిలో దిగనవసరం లేదు, బస్సు ఛార్జీ చాలు.

| ప్రాంతం | నీళ్లు | నాచు బెడద | కారు లేకుండా | గది ధర | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| పడమర: హోల్‌టౌన్, స్పైట్స్‌టౌన్ | చాలా ప్రశాంతం | తక్కువ | హోల్‌టౌన్‌లో కుదురుతుంది | అన్నిటికన్నా ఎక్కువ | దంపతులకు, పసిపిల్లలున్నవారికి |
| దక్షిణం: హేస్టింగ్స్ నుంచి ఓయిస్టిన్స్ | చోటును బట్టి మారుతుంది | అప్పుడప్పుడు | హాయిగా | అన్ని రకాలూ | కుటుంబాలకు, స్నేహితులకు, శాకాహారులకు |
| నైరుతి మూల: కార్లైల్ బే | ప్రశాంతం | తక్కువ | హాయిగా | మధ్యస్థం నుంచి ఎక్కువ | తక్కువ రోజులుండేవారికి, క్రికెట్ ప్రియులకు |
| ఆగ్నేయం: క్రేన్ పరిసరాలు | అలల జోరు | ఎక్కువ | కష్టం | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఈత కొలను చాలనుకునేవారికి |
| తూర్పు: బత్‌షీబా | ఈతకు పనికిరాదు | ఎక్కువ | కష్టం | మధ్యస్థం | సర్ఫర్లకు, ఏకాంతం కోరేవారికి |

## పడమటి తీరం: అందరూ చెప్పే జవాబు

"బార్బడోస్‌లో ఎక్కడ దిగాలి?" అని ఎవరినడిగినా ముందు వచ్చే మాట పడమటి తీరమే. ప్లాటినం కోస్ట్ అని దానికి ముద్దుపేరు. శాండీ లేన్ లాంటి ప్రపంచప్రసిద్ధ హోటళ్లు ఇక్కడే ఉన్నాయి. 1627లో ఇంగ్లీషువాళ్లు మొదట స్థిరపడిన హోల్‌టౌన్ ఈ తీరానికి నడిబొడ్డు. సూపర్ మార్కెట్టు, మందుల షాపు, హోటళ్ల వీధులు, బస్సు, అన్నీ నడిచేంత దూరంలో ఉంటాయి.

నీళ్ల విషయంలో ఈ తీరానికి పోటీ లేదు. నడుం లోతులో నిలబడితే కాలి గోళ్లు కనిపిస్తాయి. పేన్స్ బే దగ్గర సముద్రపు తాబేళ్లు తిరుగుతుంటాయి. హోల్‌టౌన్ పక్కన ఫోక్‌స్టోన్ మెరైన్ పార్కులో ముఖానికి అద్దం పెట్టుకుని తేలితే చేపలు కనిపిస్తాయి. సూర్యాస్తమయం సరిగ్గా ఎదురుగా. పెళ్లైన కొత్తలో వెళ్తున్నవాళ్లకు, ఒక్కసారే కదా అని ఖర్చుకు సిద్ధపడ్డవాళ్లకు నేను వేరే చోటు చెప్పను.

కాని ఫొటోల్లో కనిపించనివి కొన్ని ఉన్నాయి. చాలాచోట్ల ఇసుక మేర సన్నం. పోటు వేళకు నీళ్లు గోడదాకా వస్తాయి. కోతకు గురై ముల్లిన్స్ బీచ్ లాంటివి చిక్కిపోయాయి. శీతాకాలంలో ఉత్తరం నుంచి పొంగు వచ్చిందంటే ఈ చెరువు కూడా రెండు మూడు రోజులు అల్లరి చేస్తుంది. దీవి అడ్డుపడటం వల్ల అలలు ఆగినట్టే గాలీ ఆగుతుంది. ఏసీ లేని గదిలో సాయంత్రం ఉక్కపోత, దోమలు ఉంటాయి. విమానాశ్రయం దక్షిణాన ఉంది కాబట్టి హోల్‌టౌన్‌కు ముప్పావుగంట, స్పైట్స్‌టౌన్‌కు గంట వేసుకోండి.

స్పైట్స్‌టౌన్ గురించి ఒక్క మాట. పాత చెక్క బాల్కనీలు, చేపల మార్కెట్టు, తొందర లేని జనం. పడమటి నీళ్లు కావాలి, హోల్‌టౌన్ ధర వద్దు అనుకునేవాళ్లు అక్కడ అపార్టుమెంట్లు వెతకండి. రాత్రి తొమ్మిదికే ఊరు నిద్రపోతుందని ఫిర్యాదు మాత్రం చేయకండి.

ఈ తీరంలో పిల్లలున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒడ్డున మాంచినీల్ అనే చెట్లు ఉంటాయి. చిన్న పచ్చి యాపిల్ లాంటి కాయ. రాలిన కాయ కనిపిస్తే ఏరుకునే అలవాటు మన పిల్లలకు ఎలాగూ ఉంటుంది. ఆ కాయ విషం, ఆ పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వాన పడేటప్పుడు ఆ చెట్టు కింద నిలబడినా అదే గతి. చాలా చెట్లకు ఎర్రరంగు పట్టీ వేసి ఉంటుంది, అన్నిటికీ ఉండదు.

## దక్షిణ తీరం: నేను మళ్లీ వెళ్లే చోటు

హేస్టింగ్స్, రాక్లీ, వర్దింగ్, సెయింట్ లారెన్స్ గ్యాప్, డోవర్, ఓయిస్టిన్స్. ఈ పేర్లన్నీ ఒకే రోడ్డు మీద వరుసగా ఉంటాయి. పేరుకు ఇన్ని ఊళ్లుగాని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విమానాశ్రయం నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు. చవక గెస్ట్‌హౌసు నుంచి పెద్ద రిసార్టు దాకా అన్నీ ఉన్నాయి. ఇక్కడ ఎంపిక తీరంతో ఆగదు, ఏ బీచ్ అన్నదీ చూడాలి. ఒక్క కిలోమీటరు తేడాలో నీళ్ల స్వభావం మారిపోతుంది.

రాక్లీలోని అక్రా బీచ్ వెడల్పైనది, లైఫ్‌గార్డులు ఉంటారు, అల ఓ మోస్తరు. పదేళ్లు దాటిన పిల్లలు అలల్లో పలకలేసుకుని ఆడటానికి సరిగ్గా సరిపోతుంది. అక్కడి నుంచి హేస్టింగ్స్ వైపు సముద్రం పక్కనే కిలోమీటరున్నర నడకదారి వేశారు. చక్రాల కుర్చీ, పిల్లల బండి తోసుకుంటూ వెళ్లవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఈ నడకదారి ఎంత ఉపకారమో సాయంత్రం పూట చూస్తే తెలుస్తుంది. డోవర్‌లో అల కొంచెం ఎక్కువ, సందడీ ఎక్కువే. గ్యాప్ వీధిలో రాత్రి పాటలు మోగుతుంటాయి కాబట్టి స్నేహితుల గుంపుకు అది మంచిది, పసిపిల్లకు కాదు. ఓయిస్టిన్స్ దగ్గర ఉన్న మయామీ బీచ్‌కు రెండు ముఖాలు: ఒకవైపు ప్రశాంతం, మలుపు తిరిగితే అలలు. ఇంకా తూర్పుకు, సిల్వర్ సాండ్స్‌కు వెళ్తే గాలి రాజ్యం. గాలిపటం కట్టుకుని పలక మీద ఎగిరేవాళ్ల చోటది. ఈతకు వద్దు.

నా ఓటు వర్దింగ్‌కు. బయట పగడపు దిబ్బ అలను ఆపేస్తుంది, లోపల లోతులేని మడుగులా ఉంటుంది. రెండోసారి మేము అక్కడే, రోడ్డుకు అవతలి వైపు రెండు గదుల అపార్టుమెంటులో దిగాం. బీచ్ నాలుగు నిమిషాల నడక. పొద్దున్నే ఆరింటికి వెళ్తే స్థానిక పెద్దలు మెడ లోతు నీళ్లలో గుండ్రంగా నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. సముద్రస్నానం వాళ్లకు మన తెల్లవారి కాఫీ లాంటిది. అమ్మ మొదటి రోజు ఇసుకలో కూర్చుంది. రెండో రోజు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని పాదాలు తడుపుకుంది. మూడో రోజు, అమ్మ వయసే ఉన్న ఒకావిడ, ఈత టోపీ పెట్టుకుని ఉంది, నీళ్లలోంచి నడిచొచ్చి చెయ్యి చాచింది. ఆవిడ మాట అమ్మకు అర్థం కాలేదు, అమ్మ మాట ఆవిడకూ కాలేదు. పది నిమిషాల తర్వాత చూస్తే అమ్మ చీరతోనే నడుం లోతులో ఉంది, ఆవిడ చెయ్యి వదలకుండా.

కారు అద్దెకు తీసుకోలేదు, జనం ఎక్కే వ్యాన్లలోనే తిరిగాం. ఆ తెల్లటి వ్యాన్ల మీద మెరూన్ చార ఉంటుంది, నంబరు ప్లేటు ZR అక్షరాలతో మొదలవుతుంది. బ్రిడ్జ్‌టౌన్ నుంచి దక్షిణ తీరం వెంట సిల్వర్ సాండ్స్ దాకా తిరిగేది 11వ నంబరు. మన షేర్ ఆటోను పెద్దది చేసి, పాటల ధ్వని నాలుగింతలు పెంచితే అదే. ఎక్కగానే అందరికీ "గుడ్ మార్నింగ్" చెప్పాలి, చెప్పకపోతే మర్యాద తెలియనివాళ్ల కింద లెక్క. చోటు లేదనుకుంటే కండక్టరు ఎక్కడినుంచో ఒక మడత సీటు లాగుతాడు. మా చిన్నదాన్ని ఎవరో పెద్దావిడ అడగకుండానే ఒళ్లో కూర్చోబెట్టుకుంది. స్టాపు బోర్డుల మీద "టు సిటీ", "ఔట్ ఆఫ్ సిటీ" అని రెండే రకాలు. అది గుర్తుంటే దారి తప్పరు. ప్రభుత్వ బస్సుల్లో మాత్రం చిల్లర తిరిగి ఇవ్వరు, సరిగ్గా లెక్కపెట్టి తీసుకెళ్లాలి.

ఈ తీరానికి లోపాలు లేవని కాదు. రోడ్డు రద్దీగా ఉంటుంది. చాలా అపార్టుమెంట్లు బీచ్‌కు రోడ్డు అవతల ఉంటాయి, పిల్లల చెయ్యి పట్టుకుని దాటాలి. పడమర ఉన్న ఆ అద్దంలాంటి స్పష్టత ఇక్కడ అన్ని రోజులూ ఉండదు. ఒకటి రెండు రోజులు నాచు మా వర్దింగ్‌లోనూ గట్టు కట్టింది. అయితే ఆ రోజు బస్సెక్కి పేన్స్ బే వెళ్లిపోయాం. ఆ వీలు ఉండటమే దక్షిణ తీరం గొప్పతనం.

## కార్లైల్ బే: మూడు రోజులకైతే ఇదే

బ్రిడ్జ్‌టౌన్‌కు ఆనుకుని, నైరుతి మూలలో, నెలవంకలా ఒంగిన తీరం. నీళ్లు పడమటి తీరంలా ప్రశాంతం, బస్సులు దక్షిణ తీరంలా విరివి. అడుగున మునిగిన పాత ఓడలున్నాయి, వాటి చుట్టూ చేపలు, తాబేళ్లు. యునెస్కో 2011లో వారసత్వ జాబితాలో చేర్చిన బ్రిడ్జ్‌టౌన్, గారిసన్ ప్రాంతాలు పక్కనే. కెన్సింగ్టన్ ఓవల్ మైదానం, ఓపికుంటే నడిచే దూరమే.

మరి ఇంత మంచిదైతే అందరూ ఇక్కడే ఎందుకు దిగరు? దిగే చోట్లు తక్కువ. ఉన్నవాటిలోనూ హోటళ్లే ఎక్కువ, వంటగది ఉన్న ఇళ్లు కొన్నే. ఓడల్లో వచ్చిన పర్యాటకులు పగటిపూట ఈ బీచ్ మీదికే వస్తారు. పది గంటల నుంచి మూడింటిదాకా కుర్చీలు, బోట్లు, పాటలు. పొద్దున, సాయంత్రం మాత్రం స్వర్గం. మూడు నాలుగు రోజులకైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

## క్రేన్, బత్‌షీబా: వెళ్లండి, దిగకండి

మేము బోల్తా పడ్డ తీరం కాబట్టి పక్షపాతం ఉందనుకోండి, అయినా చెప్తాను. క్రేన్ బీచ్ అందంలో దీవికే తలమానికం. గట్టు మీద 1887లో మొదలైన హోటలు ఇప్పటికీ నడుస్తోంది. చుట్టుపక్కల మంచి గదులు, పెద్ద ఈత కొలనులు ఉన్నాయి, విమానాశ్రయం దగ్గర. కొలనులోనే ఈదుతాం, సముద్రాన్ని బాల్కనీ నుంచి చూస్తాం అనేవాళ్లకు ఇది సుఖమైన చోటే. కాని సముద్రంలో దిగాలన్న కోరిక ఉంటే రోజూ టాక్సీనో కారో తప్పదు.

బత్‌షీబా తూర్పు తీరంలో, క్రేన్‌కు ఉత్తరంగా ఉంటుంది. ఒడ్డున ఇళ్లంతేసి రాళ్లు కిందివైపు కోసుకుపోయి పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి. సూప్ బౌల్ అనే అలల చోటు సర్ఫర్లకు ప్రపంచమంతా తెలుసు. ఈత ప్రాణాంతకం, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఆటు వేళ రాళ్ల మధ్య నిలిచే మడుగుల్లో మాత్రం కూర్చోవచ్చు. ఒకప్పుడు బ్రిడ్జ్‌టౌన్ నుంచి ఇక్కడికి రైలు నడిచేది, 1937లో ఆపేశారు. ఇప్పుడు బస్సుంది. ఒక రోజు పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. రాసుకునే పని ఉన్నవాళ్లు, మనుషులతో విసిగినవాళ్లు అయితే దిగవచ్చు. అటువంటివాళ్లు ఇలాంటి వ్యాసాలు చదవరు.

## తీరం తేలింది, ఇక గది

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా తడబడేది అన్నీ కలిపిన రిసార్టు దగ్గర. గది, మూడుపూటల భోజనం, మద్యం, ఆటలు, అన్నీ ఒకే ధరలో. చూడటానికి నిశ్చింతగా ఉంటుంది. కాని ఆ ధరలో మద్యం, మాంసం, చేపల ఖర్చు కూడా కలిసే ఉంటుంది. అవేవీ ముట్టని కుటుంబం అక్కడ కట్టేది పక్కబల్లవాళ్ల పెగ్గు ఖరీదు. పైగా డబ్బు కట్టేశాం కదా అని బయట ఎక్కడా తినబుద్ధి కాదు. తాగే అలవాటున్న స్నేహితుల గుంపుకు, పిల్లల్ని ఆటల క్లబ్బుకు వదిలేసి నాలుగు గంటలు నిద్రపోవాలనుకునే తల్లిదండ్రులకు మాత్రం అది గిట్టుబాటే.

వంటగది ఉన్న అపార్టుమెంటు మనకు ఎందుకు నప్పుతుందంటే, ఈ దీవి తిండికి మనతో బంధుత్వం ఉంది. అన్నంలో కలిపి వండే గింజలు చాలాసార్లు కందులే, పచ్చి కందులు. కూకూ అనే జాతీయ వంటకం మొక్కజొన్న పిండి, బెండకాయలు కలిపి చెక్క తెడ్డుతో తిప్పే ముద్ద. పక్కన చేప తీసేస్తే సంకటి తిన్నట్టే. సీమ పనస నిప్పుల మీద కాల్చి అమ్ముతారు. ట్రినిడాడ్, గయానాల నుంచి వచ్చిన రోటీ దుకాణాల్లో బంగాళదుంప, శనగల కూర చుట్టి ఇస్తారు. దాల్‌పూరి దొరికితే వదలకండి. లోపల పొడిపొడిగా పప్పు కూరి ఉంటుంది, బెల్లం వేయడం మరచిపోయిన బొబ్బట్టు అనుకోండి. కుళాయి నీళ్లు తాగవచ్చు, సున్నపురాతి పొరల్లో వడకట్టుకుని వచ్చినవే. వర్దింగ్‌లోనూ హోల్‌టౌన్‌లోనూ పెద్ద సూపర్ మార్కెట్లు ఉన్నాయి, కాని చాలా సరుకు దిగుమతి కాబట్టి ధర చూసి ఉలిక్కిపడతారు. కారం, పసుపు, ఇంగువ, ఓ పచ్చడి ప్యాకెట్టు సంచిలో పెట్టుకోండి. పచ్చి కరివేపాకు, పళ్లు మాత్రం వద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే విల్లా లెక్క వేయండి. మనిషికింత అని పంచితే హోటలు గది కన్నా తక్కువ పడవచ్చు. కాని విల్లాలు చాలావరకు బీచ్‌కు దూరంగా, గట్టు మీద ఉంటాయి, కారు తప్పనిసరి. ఇక్కడ నడిపేది మనలాగే ఎడమవైపు. అమెరికాలో కుడివైపుకు అలవాటుపడ్డ చేతులు మొదటి రోజు మాట వినవు, రోడ్లు కూడా ఇరుకు. అద్దె కార్ల నంబరు H అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఎదుటివాళ్లు చూసి కొంచెం ఎడం ఇస్తారు. నడపడానికి కావలసిన విజిటర్ పర్మిట్‌ను కారు అద్దెకిచ్చేవాళ్లే రాసిస్తారు.

ఏది తీసుకున్నా, తెరమీద కనిపించే ధర మీద పన్ను, సర్వీసు ఛార్జి, రాత్రికింత అని పర్యాటక లెవీ పడతాయి. అన్నీ కలిపిన మొత్తాన్నే పోల్చండి.

## ఎప్పుడు వెళ్తున్నారన్నది కూడా

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వానలు తక్కువ, గది ధరలు ఎక్కువ. మే నుంచి దిగుతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాను కాలం. బార్బడోస్ మిగతా దీవులకు తూర్పుగా, ఒంటరిగా ఉండటం వల్ల పెద్ద తుపాన్లు చాలావరకు పక్కనుంచి పోతాయి. అలాగని ధీమా పనికిరాదు. 2024 జూన్ 29న కెన్సింగ్టన్ ఓవల్‌లో దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 కప్పు గెలిచిన మన జట్టు, బెరిల్ తుపాను వల్ల విమానాశ్రయం మూసేయడంతో హోటల్లోనే చిక్కుకుపోయి జూలై 4న ఢిల్లీ చేరింది. మన సిరాజ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. కప్పు గెలిచినవాళ్లకే తప్పలేదు కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవాళ్లు డబ్బు వాపసిచ్చే గదే తీసుకోండి, ప్రయాణ బీమా చేయించండి. నాచు కాలం కూడా దాదాపు అప్పుడే కాబట్టి వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు పడమటి వైపుకు, కార్లైల్ బేకు ఒక మార్కు ఎక్కువ వేయండి.

భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులను బార్బడోస్ వీసా అడగదు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు లండన్ మీదుగా దారి సులువు, కాని అక్కడ ట్రాన్సిట్ వీసా కావాలా అన్నది ముందే చూసుకోవాలి. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినవాళ్లు మాత్రం టిక్కెట్టు కొనే ముందు ఆగండి. కెనడా, మెక్సికోలకు నెల లోపు వెళ్లిరావడానికి ఉన్న వెసులుబాటు హెచ్-1బి వారికి ఈ దీవులకు వర్తించదు. తిరిగి రావాలంటే కొత్త స్టాంపు కావాలి. అటువంటివాళ్లు అమెరికా భూభాగమే అయిన ప్యూర్టో రికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ చూసుకోవడం మేలు. అక్కడికైనా ఇమిగ్రేషన్ కాగితాలన్నీ వెంట ఉంచుకోండి, సెయింట్ థామస్‌లో తిరుగు విమానం ఎక్కేముందు చూస్తారు.

## ఇంతకీ ఎవరు ఎక్కడ

అమ్మానాన్నలు, పిల్లలు కలిసి వారం రోజులైతే వర్దింగ్‌లో అపార్టుమెంటు. అందులో ఒక రోజు పేన్స్ బే, ఒక రోజు బత్‌షీబా. కొత్త దంపతులకు హోల్‌టౌన్. జేబు ఒప్పుకోకపోతే నాలుగు రాత్రులు దక్షిణాన, చివరి రెండు రాత్రులు పడమర. సామాను మార్చుకోవడం విసుగే గాని, ఆ చివరి రెండు సూర్యాస్తమయాలకు విలువ ఉంటుంది. స్నేహితుల గుంపుకు సెయింట్ లారెన్స్ గ్యాప్. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్‌లో చేపలు కాల్చే సంత దగ్గరలోనే. శాకాహారులు ఆ పొగలో నిలబడలేరు, వాళ్లను ముందే హెచ్చరించండి. ఈత బాగా వచ్చిన ఒంటరి ప్రయాణికులు ఎక్కడైనా గది తీసుకోవచ్చు, బత్‌షీబా నీళ్లలో మాత్రం ఈదవద్దు.

బట్టలు సర్దేటప్పుడు పిల్లల సైనిక రంగుల చొక్కాలు, టోపీలు ఇంట్లోనే వదిలేయండి. ఆ మచ్చల డిజైను ఇక్కడ సైన్యానికి తప్ప ఎవరికీ, చంటిపిల్లలకు సైతం, చట్టం ఒప్పుకోదు.

గది దాదాపు ఖాయమయ్యాక డబ్బు కట్టే ముందు ఇంటివాళ్లకు ఒక సందేశం పంపండి. బీచ్‌కు నడిచి ఎన్ని నిమిషాలు, మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా, ఆరేళ్ల పిల్లాడు అక్కడ నీళ్లలో దిగవచ్చా అని అడగండి. ఈ రోజు పొద్దున తీసిన బీచ్ ఫొటో ఒకటి పంపమనండి. వర్దింగ్ ఇంటావిడ మాకు పంపిన ఫొటో వంకరగా ఉంది, సగం ఆవిడ బొటనవేలే. మిగతా సగంలో నడుం లోతు నీళ్లలో గుండ్రంగా నిలబడి కబుర్లాడుకుంటున్న ఐదుగురు ముసలివాళ్లున్నారు. వెంటనే డబ్బు కట్టేశాం.